మాంసంలోని నీళ్లతో పేచీ: ఉప్పు, నిప్పు, పొగ, వరుగు

నేను మొట్టమొదట పొగబెట్టిన చికెన్‌ని మా తమ్ముడు ఒక్క ముక్క కొరికి, మెల్లగా నోట్లోంచి తీసి పళ్లెం అంచున పెట్టాడు. "అక్కా, తారు రోడ్డు వేసేచోట నిలబడి తింటున్నట్టుంది" అన్నాడు. కోపం వచ్చింది గానీ వాడన్నది నిజమే. పచ్చి కట్టెను, పైగా నీళ్లలో నానబెట్టి నిప్పుల మీద వేశాను. తెల్లటి పొగ గుప్పుగుప్పుమని లేస్తుంటే పని బాగా జరుగుతోందని మురిసిపోయాను కూడా. ఆ రోజు నుంచి ఒక రూళ్ల పుస్తకం పెట్టుకున్నాను. ఎంత మాంసం, ఎంత ఉప్పు, ఎంతసేపు, ఏం చెడింది, అన్నీ అందులో ఉంటాయి. ఇక్కడ రాసేది అందులోంచి తీసిందే.

పచ్చి మాంసంలో దాదాపు ముప్పాతిక వంతు నీళ్లే. ఉప్పు పట్టించడం, కాల్చడం, పొగబెట్టడం, ఎండబెట్టడం వేరువేరు పనుల్లా కనిపిస్తాయి. కానీ నాలుగింటిలోనూ మనం తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ నీళ్లు ఎక్కడ ఉండాలి, ఎక్కడి నుంచి పోవాలి.

ముందు ఉప్పు

ఉప్పును చేతి అంచనాతో వేయడం మానేశాను. కిలో మాంసానికి 15 గ్రాములు, తూకం వేసి. "ముక్కకు కూడా త్రాసు పెడతావా" అని ఇంట్లో నవ్వారు, తిన్నాక నవ్వలేదు. ఉప్పు చల్లిన పది నిమిషాలకు ముక్క మీద నీళ్లూరతాయి. చాలామంది సరిగ్గా అప్పుడే పెనం మీద వేస్తారు, అంతకంటే చెడ్డ సమయం లేదు. కనీసం ముప్పావు గంట ఆగితే ఆ నీళ్లలో కరిగిన ఉప్పు మళ్లీ లోపలికి వెళ్లడం మొదలవుతుంది. మందపాటి ముక్కయితే రాత్రి ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో కింది అరలో పెడతాను. తెల్లారేసరికి పైభాగం ఆరి చేతికి కాస్త అంటుకుంటుంది. ఉప్పు లోపలి మాంసకృత్తులను సడలించి నీళ్లను పట్టి ఉంచుతుంది, అందుకే కాలినా ముక్క పిప్పి కాదు.

మసాలా సంగతి వేరు. ఉప్పు లోతుకు వెళ్తుంది గానీ అల్లం, వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు ఎన్ని గంటలు నానబెట్టినా పైన కొద్ది మిల్లీమీటర్లు దాటవు. రెండు రోజులు నానబెట్టానని గొప్పగా చెప్పుకోవడంలో అర్థం లేదు. రుచి లోపలికి కావాలంటే గాట్లు పెట్టండి, లేదా ముక్కను పలచగా కోయండి. నిమ్మరసం మాత్రం చివరి అరగంటలోనే వేయండి, రాత్రంతా ఉంచితే పైభాగం మెత్తగా పిండిలా అయిపోతుంది. పచ్చి బొప్పాయి ఇంకా మొండిది, ఒకసారి మర్చిపోయి పొద్దున చూస్తే ముక్కల బదులు ముద్ద ఉంది.

కాల్చడం

నిప్పుల మీద పెట్టేముందు ముక్కను గుడ్డతోనో కాగితంతోనో తుడవండి. ఎర్రగా కాలి కమ్మటి వాసన రావాలంటే పైభాగం 140 డిగ్రీలు దాటాలి. తడి ఉన్నంతసేపు అది 100 దగ్గరే ఆగిపోతుంది, అంటే ముక్క కాలదు, ఉడుకుతుంది.

బొగ్గులన్నీ ఒకే పక్కకు తోయండి. ఒక పక్క మంట సెగ, ఇంకో పక్క ఒట్టి వేడి. పైన రంగు కోసం అటు, లోపల ఉడకడం కోసం ఇటు. కొవ్వు కారి భగ్గుమంటే వెంటనే ముక్కను ఇవతలికి జరపండి, ఆ మంట నుంచి పట్టేది రుచి కాదు, మసి. బెల్లం, తేనె కలిసినవి చివరి అయిదు నిమిషాల్లోనే పూయండి. ముందే పూస్తే కమురు కంపు.

లోపల ఉడికిందా లేదా అని ముక్కను కోసి రంగు చూడటం నమ్మదగ్గ పద్ధతి కాదు. మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనండి. కోడి, కోడి కైమా 74 డిగ్రీలు, మిగతా కైమా ఏదైనా 71, మేక, గొర్రె లాంటి వాటి గట్టి ముక్కలు 63 దాటాక మూడు నిమిషాలు అలా వదిలేయాలి. కైమాకు ఎక్కువ వేడి ఎందుకంటే, ముక్కకు పైన మాత్రమే ఉండే సూక్ష్మజీవులు రుబ్బేసరికి లోపలంతా కలిసిపోతాయి. ఆ థర్మామీటర్‌ను అప్పుడప్పుడు ఐసుముక్కల నీళ్లలో ముంచి చూడండి, సున్నా చూపించాలి. నాది ఒకటి 4 చూపిస్తూ ఎన్నాళ్లు మోసం చేసిందో!

పొగ

పొగబెట్టే పని ఆరుబయటే చేయాలి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, కిటికీ తెరిచాం కదా అని ఇంట్లో పెట్టుకోకండి.

కట్టె గట్టిదై, బాగా ఎండి ఉండాలి. ఆపిల్, చెర్రీ, జామ, ఓక్ ఏదైనా సరే. పైన్ లాంటి జిగురు కారే కట్టెలు వద్దు, రంగులు వేసిన పాత సామాను చెక్క అసలే వద్దు. నానబెట్టడం దండగ, ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా కట్టె సరిగ్గా అంటుకోదు. మీకు కావాల్సింది పలచటి, నీలిరంగు పొగ, ఒక్కోసారి కంటికి కూడా ఆనదు. దట్టంగా తెల్లగా వస్తోందంటే గాలి చాలడం లేదని అర్థం, మూత మీది కంతలు తెరవండి. మా తమ్ముడి తారు రోడ్డు అక్కడే మొదలైంది.

మూత ఉన్న మామూలు గ్రిల్ చాలు. బొగ్గులు ఒక పక్క, వాటి మీద పిడికిలంత కట్టె ముక్క, రెండో పక్క మాంసం, దాని కింద నీళ్ల పళ్లెం. లోపల వేడి 110 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంచాలి. ముక్కను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టేస్తాను, చల్లటి పైభాగానికి పొగ బాగా పడుతుంది. కోడి తొడలకు రెండు గంటలు పడుతుంది. కిలోన్నర భుజం ముక్కయితే పొద్దున మొదలుపెట్టి సాయంత్రం భోజనానికి అనుకోండి. అందులో నరాలు, పొరలు కరిగి జిగటగా మారాలంటే లోపల 90 దాటాలి, 63కే తీస్తే తినడానికి ప్రమాదం లేదు గానీ నమల్లేరు.

మధ్యలో ఒక టెన్షన్ ఉంటుంది. లోపలి వేడి 70 దగ్గరికి వచ్చి గంట, రెండు గంటలు కదలదు. మొదటిసారి నేను థర్మామీటర్ చెడిందనుకుని బొగ్గులు కుమ్మరించి అంతా మాడ్చాను. జరిగేది ఏమిటంటే, ముక్కలోని నీళ్లు చెమటలా పైకొచ్చి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంటాయి. ఓపిక ఉంటే ఆగండి. లేదంటే అల్యూమినియం రేకులో చుట్టేయండి, చెమట ఆగి వేడి మళ్లీ ఎక్కుతుంది. పైపొర కరకర కాస్త తగ్గుతుంది, అంతే.

చల్లటి పొగ అనేది ఇంకొకటి ఉంది: ముక్క ఉడకకుండా పొగ మాత్రమే పట్టించడం. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లొద్దని నా మాట. గాలి తక్కువగా, గోరువెచ్చగా ఉన్నచోట బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని తెచ్చే సూక్ష్మజీవి పెరుగుతుంది, అందుకే అందులో నైట్రైట్ కలిపిన ఉప్పు వాడతారు. ఇళ్లలో ఎక్కువగా వాడేదాంట్లో సోడియం నైట్రైట్ 6.25 శాతం ఉంటుంది, కిలో మాంసానికి 2.5 గ్రాములే. మామూలు ఉప్పు అనుకోకుండా దానికి గులాబీ రంగు వేస్తారు. గులాబీ రంగులో దొరికే రాతి ఉప్పుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఒకదాని బదులు ఒకటి వాడితే ప్రమాదం.

ఎండబెట్టడం

నాకు ఇష్టమైన పని ఇదే, ఎక్కువసార్లు చెడగొట్టిందీ ఇదే. మొదటి డబ్బాను కొవ్వున్న ముక్కలతో నింపాను. నీళ్లు పోతాయి గానీ కొవ్వు పోదు కదా, పది రోజులకు కారువాసన. కాబట్టి తొడ కండ తీసుకుని, కంటికి కనిపించే కొవ్వంతా చెక్కేయండి.

మాంసాన్ని గంటన్నర ఫ్రీజర్‌లో పెడితే బిగుసుకుని, కత్తికి 4 మిల్లీమీటర్ల పలకలుగా చక్కగా తెగుతుంది. పీచు వెంబడి కోస్తే సాగుతూ ఎంతసేపైనా నమలొచ్చు, పీచుకు అడ్డంగా కోస్తే పంటి కింద విరుగుతుంది. పెద్దవాళ్లుంటే అడ్డంగానే కోయండి. ఉప్పు ఇక్కడా 15 గ్రాములు దాటనివ్వను. కిలో మాంసం ఎండాక నాకు 400 గ్రాములు మించి రాదు, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

చాలామంది వదిలేసే మెట్టు ఇది: ఎండబెట్టేముందు ముక్కల లోపల 71 డిగ్రీలు, కోడి అయితే 74 రావాలి. నానబెట్టిన మసాలా నీళ్లతో సహా పొయ్యి మీద పెట్టి, తెర్లడం మొదలయ్యాక అయిదు నిమిషాలు ఉంచి వడకట్టేస్తాను. ముందు ఎండబెట్టి తర్వాత చూద్దాంలే అనుకోకండి. తక్కువ వేడిలో ఎండుతూ పోతే సూక్ష్మజీవులు చావకపోగా, తడి తగ్గేకొద్దీ వేడిని తట్టుకునేలా ముదురుతాయి.

ఆ తర్వాత ఓవెన్‌లో జాలీ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, 60 డిగ్రీల్లో, తలుపును చెక్క గరిటె అడ్డం పెట్టి కాస్త తెరిచి ఉంచుతాను. ఆవిరి బయటికి పోవాలి, వేడికంటే గాలే ముఖ్యం. అయిదారు గంటలు పడుతుంది. ఎండను నేను నమ్ముకోను, మబ్బు పడితే సగం ఎండిన మాంసాన్ని చేతిలో పట్టుకుని నిలబడాలి. ఒక పలకను చల్లారనిచ్చి వంచి చూడండి. వంగి, పీచు విచ్చుకుని, రెండు ముక్కలు కాకుండా ఉంటే సరిపోయింది. వేడిమీద చూడకండి, అప్పుడు అన్నీ మెత్తగానే ఉంటాయి.

పూర్తిగా చల్లారాక గాజు సీసాలో మూడొంతులు నింపి మూత పెట్టి, రోజూ ఒకసారి కుదుపుతూ వారం చూడండి. లోపలి గోడకు చెమట పట్టిందా, ఆ ముక్కలు మళ్లీ గంటసేపు ఓవెన్‌లోకి. బయట రెండు వారాలకు మించి ఉంచను, తర్వాతిదంతా ఫ్రీజర్‌కే, మూత మీద తేదీ రాసి. మా తమ్ముడు ఇప్పుడు వచ్చిన ప్రతిసారీ ముందు ఆ తేదీలే చదువుతాడు, పాతది ఎప్పుడు ఖాళీ చేయాలో నాకు గుర్తుచేసే వంకతో.