మతిమరుపు జబ్బున్న పెద్దోళ్ళను చూస్కునేటోళ్ళకు సర్కారు పైసలు: సదరం నుంచి ట్యాక్స్ దాంక

మా అత్తమ్మకు డిమెన్షియా వచ్చి నాలుగేండ్లు దాటింది, మేము హన్మకొండల ఉంటం. నన్ను అందరు అడిగేది ఒక్కటే, ఉద్యోగం మానేసి ఇంట్ల ఉండి చూస్కుంటున్నవు గదా నీకేమన్న ఇస్తరా అని. నాకేం రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ల కేర్‌గివర్ అలవెన్స్ అన్న మాట ఉంది, కేరళల మంచాన పడ్డోళ్ళను చూసేటోళ్ళకు ఆశ్వాసకిరణం అని నెలకు 600 పెట్టిన్రు, మన తెలంగాణల మాత్రం చూస్కునే మనిషి పేరు మీద నెలనెల వచ్చేది లేదు. ట్యాక్స్‌ల తగ్గేది తప్ప ఏదొచ్చినా జబ్బున్న మనిషి పేరు మీదనే, దాంట్ల చాలావాటికి అడిగేది ఒకటే కాయితం, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్, అది 40 శాతం ఉండాలె, ఇప్పుడు దాన్నే యూడీఐడీ కార్డు అంటున్రు.

చట్టంల ఉన్న 21 రకాల్ల డిమెన్షియా అని విడిగ పేరు లేదు, అది చూసి చానమంది మాకు రాదని వాపస్ పోతరు. మానసిక అనారోగ్యం కింద అప్లై చేయాలె, ఆ నిర్వచనంల జ్ఞాపకశక్తి అన్న మాట ఉంది. స్వావలంబన్ పోర్టల్ల మీరే చేస్కోవచ్చు, రాకపోతే మీసేవకు పోండ్రి.

అసలు కథ డాక్టర్లు చూసి శాతం రాసే సదరం క్యాంపుల ఉంటది. డాక్టర్ ఐడియాస్ అనే స్కేల్ మీద మార్కులేస్తడు. నాలుగు సంగతులు చూస్తడు, తన పని తను చేస్కునుడు, మనుషులతోని మెలుగుడు, మాట అర్థమైతదా చెప్పగలుగుతదా, ఇంటిపని గాని బయటిపని గాని చేస్తదా. ఒక్కోదానికి 0 నుంచి 4, జబ్బు ఎన్నేండ్ల నుంచి ఉంది అన్నదానికి ఇంకో 4 దాక, మొత్తం 20. 7 వస్తే 40 శాతం, 6 దగ్గర ఆగితే ఏం లేదు. మేము మొదటిసారి పోయినప్పుడు డాక్టర్ అమ్మా స్నానం మీరే చేస్తరా అని అడిగిండు, మా అత్తమ్మ కొంగు సర్దుకోని నేనే చేస్త బిడ్డ, వండుడు గూడ నేనే, కోడలుకు ఏం రాదు అన్నది! మా ఆయన పక్కన ఉండి పరువు పోతదని బానే ఉంటది సార్ అన్నడు. ఇంకేముంది, 40కి కింద వచ్చింది. ఇంట్ల మాత్రం అదే మనిషికి పండ్లు తోమే బ్రష్ చేతికిస్తే దాంతోని తల దువ్వుకుంటది.

రెండోసారి నేను 15 రోజులు నోట్‌బుక్ రాసిన, పైన చెప్పిన నాలుగు సంగతులు నాలుగు పేజీలు పెట్టి ఏ రోజు ఏం జరిగింది తారీఖుతోని. రాత్రి రెండింటికి గేటు తీసి ములుగు పోత అన్నది, గ్యాస్ బంద్ చేయలే, సొంత కొడుకును ఎవరు నువ్వు అన్నది, ఇట్ల. మంచి రోజు గురించి కాదు, చెడ్డ రోజు గురించి చెప్పాలె, ఎక్కువ చేసి చెప్పొద్దు తక్కువ గూడ చేయొద్దు. ఇంకొకటి, డాక్టర్ రాసిన మొట్టమొదటి చీటీ పారేయకుండ్రి. జబ్బు వచ్చి రెండేండ్ల లోపు అయితే 1 మార్కు, రెండు నుంచి ఐదేండ్లు అయితే 2, అంటే ఆ పాత చీటీ మీదున్న తారీఖే ఒక మార్కు.

సర్టిఫికెట్ వచ్చినంక పింఛన్. ముసలోళ్ళకు 2016, వికలాంగులకు 4016. ఒక మనిషికి రెండు పింఛన్లు రావు, ఇప్పటికే 2016 వస్తుంటే దాన్ని వికలాంగుల కిందికి మార్చమని దరఖాస్తు పెట్టాలె. ఊర్ల అయితే పంచాయతీ సెక్రటరీ, ఎంపీడీవో ఆఫీసు, టౌన్ల అయితే మున్సిపాలిటీ. ఇంటి ఆదాయం ఏడాదికి ఊర్ల లక్షన్నర, టౌన్ల రెండు లక్షలు దాటొద్దు, భూమి గూడ తరి 3 ఎకరాలు, ఖుష్కి ఏడున్నర దాటొద్దు.

జీతమొచ్చే కొడుకున్న ఇంట్లకు ట్యాక్స్‌ల గూడ పైసలు మిగుల్తయి, దీని సంగతి మాకు రెండేండ్లు ఎవ్వరు చెప్పలే. ఇన్‌కం ట్యాక్స్ చట్టం 80డీడీ సెక్షన్ కింద వైకల్యం 40 శాతం నుంచి ఉంటే 75,000, 80 నుంచి ఉంటే 1,25,000 ట్యాక్స్ లెక్కేసే ఆదాయంల నుంచి తీసేస్తరు, బిల్లులు అడగరు. 80డీడీబీ వేరే, దాంట్ల డిమెన్షియా పేరు పెట్టి మరీ ఉంది, 60 దాటినోళ్ళ వైద్యానికి లక్ష దాక, కాకపోతే న్యూరాలజిస్ట్ రాసిన చీటీ కావాలె, ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను మిగిలిన ఖర్చుకే. రెండూ పాత రెజీమ్‌లనే, అంటే పాత పద్ధతిల ట్యాక్స్ కట్టేటోళ్ళకే. అత్తగారికి కోడలు క్లెయిమ్ చేయరాదు, కొడుకే చేయాలె. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంల సెక్షన్ నంబర్లు మారినయి గాని పాత నంబర్ చెప్తే సీఏలకు అర్థమైతది.

ఆరోగ్యశ్రీ 10 లక్షలు, 70 దాటినోళ్ళకు కేంద్రం ఇచ్చే వయ వందన కార్డు 5 లక్షలు, ఇవి ముఖ్యంగ దవాఖానల అడ్మిట్ అయితేనే పనికొస్తయి, డైపర్లకు, చూస్కునే ఆయాకు ఒక్క రూపాయి రాదు. వీల్‌చైర్, వాకర్ గిట్ల కావాలంటే కేంద్రం స్కీం రాష్ట్రీయ వయోశ్రీ ఉంది, 60 దాటి నెలకు 15,000 లోపు ఆదాయం ఉంటే. ఏం తోచకపోతే 14567కు ఫోన్ కొట్టండ్రి, ఎల్డర్‌లైన్, ఫ్రీ.

క్యాంపుకు బస్సుల ఆడోళ్ళకు టికెట్ లేదు గదా అని బస్సెక్కించకుండ్రి, ఆటో మాట్లాడుకోండ్రి. రెండు డైపర్లు, ఒక జత బట్టలు, తినెతందుకు ఏమన్న పెట్టుకోండ్రి, లైన్ల కూసునుడు వాళ్ళ తోని కాదు, ఒకరు లైన్ల ఉంటే ఇంకొకరు చెట్టుకింద కూసోబెట్టాలె.