సెలవుల్లో పిల్లల మెడ గడ్డ ఆపరేషన్: ముందు చూసుకోవాల్సినవి

వేసవి సెలవులు రాగానే, పిల్లాడి మెడ మీద గడ్డ ఇప్పుడు తీయించేద్దామని కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లలో మాట మొదలవుతుంది. మంచిదే. పుట్టుకతో వచ్చిన ఈ గడ్డలు మందులకు కరగవు.

గొంతు నడిమధ్యన ఉండి, గుటక వేసినా నాలుక చాపినా పైకి కదిలేది ఒక రకం. కడుపులో ఉన్నప్పుడు థైరాయిడ్ గ్రంథి నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది. ఆ దారి మూసుకోకపోతే ఇది వస్తుంది. రెండోది మెడ పక్కన. కొందరికి గడ్డే ఉండదు, సూదిమొనంత రంధ్రంలోంచి జిగురు కారుతుంటుంది.

ఆపరేషన్ దాకా దాన్ని గెలక్కండి. వాతలు, పసర్లు, సూదితో పొడిచి పిండటం అస్సలు వద్దు. చీము పడితే లోపలి పొరలు అతుక్కుపోయి ఆపరేషన్ కష్టమవుతుంది, గడ్డ మళ్లీ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఎర్రబడి జ్వరం వస్తే ముందు యాంటీబయాటిక్స్ వాడి, కొన్ని వారాలు ఆగాకే కోత.

నడిమి గడ్డకు స్కాన్ తప్పనిసరి. అరుదుగా ఆ గడ్డే బిడ్డకున్న ఒకే ఒక్క థైరాయిడ్ అవుతుంది. తెలియక తీసేస్తే బతుకంతా మాత్రలే. 'గడ్డతోపాటు హయాయిడ్ ఎముక (గొంతు పైభాగంలో ఉండే చిన్న ఎముక) మధ్య ముక్క కూడా తీస్తారా?' అని సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి. 1920లో సిస్ట్రంక్ అనే సర్జన్ వివరించిన పద్ధతి అది. గడ్డ ఒక్కటే తీస్తే తిరిగి రావడం చాలా ఎక్కువ. ఆ ముక్క లేకపోయినా మింగడానికి, మాట్లాడటానికి ఇబ్బంది ఉండదు. పక్క రంధ్రం దారి ఒక్కోసారి పెద్ద రక్తనాళాల మధ్యగా టాన్సిల్ దాకా పోతుంది కాబట్టి, పిల్లల సర్జన్, మత్తు డాక్టరు ఉన్న పెద్దాసుపత్రే నయం. ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

మామూలుగా మత్తు ఇవ్వడానికి అన్నం, ఆవుపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపుతారు. మే ఎండల్లో రాత్రి నుంచే నీళ్లు మాన్పించకండి, మత్తు డాక్టరు చెప్పిన టైమే పాటించండి. పాపం ఆకలేస్తోందని అవ్వ చాటుగా పెట్టే బిస్కెట్‌తోనే అసలు ప్రమాదం. జలుబు, దగ్గు ఉంటే దాచకండి, వాయిదా వేస్తే వేయనీండి.

ఆపరేషన్ అయిన రాత్రి మెడ ఉబ్బినా, ఊపిరి శబ్దంగా వచ్చినా వెంటనే నర్సును పిలవండి. ఇంటికొచ్చాక కుట్ల మీద పసుపు, పౌడరు వద్దు. చెమట పట్టకుండా కాలర్ లేని నూలు చొక్కా వేయండి. బయాప్సీ (తీసిన గడ్డను ల్యాబ్‌లో చేసే పరీక్ష) రిపోర్టు తీసుకుని డాక్టరుకు చూపించండి.