ఓవెన్‌లో పెట్టినా పీఎల్‌ఏ భాగం వేడికి వంగిపోతోందా?

సమస్య: త్రీడీ ప్రింట్ చేసిన పీఎల్‌ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్) భాగాన్ని, స్ఫటికమై వేడికి తట్టుకోవాలని, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఓవెన్‌లో ఉంచారు. అయినా 60 డిగ్రీల వేడి తగిలితే మెత్తబడుతోంది.

మొదట చూడాల్సింది: ఓవెన్ టైమ్ పెంచుతూ పోకండి. ప్రింటర్‌లో వాడిన ప్లాస్టిక్ తీగ రీల్ డేటాషీట్ తెరిచి ద్రవీభవన (కరిగే) ఉష్ణోగ్రత ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే అది స్ఫటికం కాని రకం కావచ్చు. ఒక్క నిమిషం పని, కానీ దీన్ని దాటేసి వారాలు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

అసలు కారణం: పీఎల్‌ఏ అంటే లాక్టిక్ ఆమ్లం అణువులు గొలుసుగా కలిసినది. ఆ ఆమ్లానికి ఎల్, డి అని రెండు రూపాలున్నాయి, కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాగా. గొలుసంతా ఎల్ అయితే చక్కగా మెలికలు తిరిగి, పక్క గొలుసులతో సర్దుకుని స్ఫటికమవుతుంది. అది కరగాలంటే 170-180 డిగ్రీలు కావాలి. మధ్యమధ్య డి వస్తే ఆ వరుస చెదురుతుంది. డి ఒక్క శాతం పెరిగితే ద్రవీభవన స్థానం సుమారు 5 డిగ్రీలు పడిపోతుంది, స్ఫటికీకరణ నెమ్మదిస్తుంది. 10-12 శాతానికి వచ్చేసరికి స్ఫటికాలు దాదాపు ఏర్పడవు. అప్పుడు మిగిలేది గొలుసులు వరుస లేకుండా బిగుసుకున్న గాజు స్థితి ఒక్కటే. అది 55-60 డిగ్రీల దగ్గర సడలుతుంది. ఎంతసేపు కాల్చినా ఇది మారదు. పైగా స్ఫటికమయ్యే రకానికీ, కాని రకానికీ లేబుల్ మీద ‘పీఎల్‌ఏ’ అనే ఉంటుంది, అందుకే ఇంతమంది మోసపోతున్నారు.

రంగు కలపని ముక్కతో పరీక్షించండి. 105 డిగ్రీల దగ్గర గంట ఉంచితే స్ఫటికమయ్యే రకం తెల్లగా, మసకగా మారుతుంది. డి ఎక్కువున్నది పారదర్శకంగానే ఉండి మెత్తబడుతుంది. డీఎస్‌సీ (వేడిచేస్తూ పదార్థం ఎంత వేడి తీసుకుంటోందో, వదులుతోందో గ్రాఫ్‌గా చూపే పరికరం) ఉంటే కరిగే శిఖరం నుంచి, వేడిచేసేటప్పుడు 100-120 మధ్య వచ్చే స్ఫటికీకరణ శిఖరాన్ని తీసేయండి. కరిగే శిఖరం ఒక్కటే చూసి భాగం స్ఫటికమైందనుకోవద్దు. ఆ స్ఫటికాలు పరీక్షలోనే పుట్టి ఉండొచ్చు.

పరిష్కారం: డి తక్కువున్న గ్రేడ్ కొనండి. టాల్క్ కలిపితే నెమ్మదిగా స్ఫటికమయ్యే రకం వేగం పుంజుకుంటుంది, డి ఎక్కువున్నదానికి లాభం లేదు. సొంతంగా మిశ్రమం చేసేవాళ్లు ఎల్ గొలుసుల్లో కొద్దిగా పూర్తి డి గొలుసుల పాలిమర్ కలపొచ్చు. రెండూ జతకట్టి 220-230 డిగ్రీల దగ్గర కరిగే స్టీరియోకాంప్లెక్స్ అవుతాయి, మిగతా స్ఫటికాలకు బీజాలుగా పనిచేస్తాయి. ప్రాసెసింగ్ వేడి 240 దాటితే ఆ బీజాలే కరిగిపోతాయి, జాగ్రత్త.

అరుదైన కారణాలు: తేమ వల్ల భాగం పెళుసవుతుంది, ఈ సమస్య రాదు. ఓవెన్ డయల్ తప్పు చూపిస్తోందేమో థర్మామీటర్‌తో ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.