గెలాక్సీల మధ్య వాయువును చదవడం – 4వ భాగం: కార్బన్ జంట గీతలు

పోయిన భాగంలో క్వేజార్ (చాలా దూరంలో విపరీతంగా మెరిసే గెలాక్సీ నడిబొడ్డు) వెలుగు మీద, దారిలోని వాయువు మింగడంవల్ల పడ్డ హైడ్రోజన్ గీతల అడవిని చూశాం కదా. అది చదివి మారతహళ్లి పీజీలో ఉండే తమ్ముడొకడు అడిగాడు, "అన్నా, ఇన్ని గీతల్లో కార్బన్‌ది ఏదో ఎలా పోల్చుకోవాలి?" అని. ఈవారం పని అదే. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు, సిల్క్ బోర్డ్ దగ్గర ఆగిన బస్సు కదిలేలోపు అయిపోతుంది.

ముందు ఎక్కడ వెతకాలి? క్వేజార్ సొంత లైమన్-ఆల్ఫా (హైడ్రోజన్ ముఖ్య గీత) శిఖరానికి ఎడమవైపంతా హైడ్రోజన్ గోల, అటు వెళ్లకండి. కుడివైపు చాలా శుభ్రంగా ఉంటుంది. మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న కార్బన్, అదే సి-4, అక్కడ ఎప్పుడూ జంటగా కనిపిస్తుంది: అసలు స్థానాలు (తరంగదైర్ఘ్యాలు) 1548.20, 1550.77 ఆంగ్‌స్ట్రామ్‌లు. విశ్వం సాగుతున్న కొద్దీ రెండూ కుడికి జరుగుతాయి, మధ్య దూరమూ పెరుగుతుంది, కానీ పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే వచ్చే 1.00166 మాత్రం ఎక్కడికీ పోదు. పట్టుకోవలసిన ఆనవాలు అదే.

ఉదాహరణకి 6192.80, 6203.08 దగ్గర రెండు పల్లాలు ఉన్నాయనుకోండి. భాగించండి, 1.00166 వచ్చింది, సరే. ఇప్పుడు 6192.80ని 1548.20తో భాగిస్తే 4, ఒకటి తీసేస్తే రెడ్‌షిఫ్ట్ (వెలుగు ఎంత సాగిందో చెప్పే సంఖ్య, ఎక్కువైన కొద్దీ అంత పాతకాలం) 3. అప్పటికి విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ల పైచిలుకు. భాగిస్తే 1.00257 వచ్చిందా, అది మెగ్నీషియం జంట.

లోతు కూడా చూడాలి. 1548 గీతే బలమైనది, పలచటి వాయువులో రెండోదానికి రెట్టింపు. రెండోదే లోతుగా ఉంటే మధ్యలో ఇంకేదో గీత దూరిందని అనుమానించండి. రెండూ అడుగు తాకి (అక్కడి వెలుగంతా మింగేసి) సమానంగా ఉంటే కార్బన్ ఎంతుందో దాన్నిబట్టి లెక్కగట్టొద్దు.

ఇలా చాలా క్వేజార్లలో చేసి రెడ్‌షిఫ్ట్ వారీగా కూడితే అసలు కథ మొదలవుతుంది. సుమారు 2 నుంచి 4 వరకు సి-4 మొత్తం పెద్దగా మారదు, 5 దాటి 6 వైపు వెళ్తే బాగా పడిపోతుంది. చాలామంది ఇక్కడే తొందరపడి "అప్పట్లో కార్బన్ తక్కువ" అని రాసేస్తారు. తక్కువే, కానీ పడిపోయినదంతా దానివల్లే కాదు. కార్బన్ నుంచి మూడో ఎలక్ట్రాన్‌ని లాగడానికి 47.9 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అంత శక్తి ఉన్న వెలుగు ఆ కాలంలో చాలా పలచన. అందుకే 6 దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ పోయిన కార్బన్ (1334), ఏ ఎలక్ట్రానూ పోని ఆక్సిజన్ (1302) గీతలు కూడా వెతకాలి. నన్నడిగితే 2–4 మధ్య మారనట్టు కనిపించే ఆ మొత్తాన్నీ పూర్తిగా నమ్మకూడదు: నక్షత్రాలు జోరుగా పుడుతున్న కాలమది, బరువు మూలకాలు తయారవుతూనే ఉన్నాయి, మనకి కనిపించేది మాత్రం కార్బన్‌లో ఒక్క రూపమే.

అభ్యాసం: మొదటి జంట 7741.00, 7753.85. రెండోది 5592.70, 5607.06. ఏది కార్బన్, ఏది కాదు, కార్బన్ జంట రెడ్‌షిఫ్ట్ ఎంత? వచ్చేవారం జింక్ సంగతి, ధూళిలో పెద్దగా దాక్కోదు కాబట్టి దానితో లెక్క ఇంకాస్త నిక్కచ్చిగా వస్తుంది.