సైన్స్ సెంటర్‌ని కొత్త చోటికి మార్చడం ఎలా?

ఇల్లు మారేటప్పుడు సామాను అడ్డదిడ్డంగా సర్దితే మహా అయితే పప్పు డబ్బాలో కారం పడుతుంది. సైన్స్ సెంటర్లో అలా కుదరదు. పొటాషియం పర్మాంగనేట్ పక్కన గ్లిజరిన్ పెట్టి దారిలో రెండూ పగిలాయంటే నిప్పు పుడుతుంది. ప్యాకర్స్ వాళ్లకి బీరువాలు కట్టడం మనకంటే బాగా వచ్చు, కానీ ఏ సీసాలో ఏముందో వాళ్లకేం తెలుసు? కాబట్టి బల్లలు, ర్యాకులు, పుస్తకాలు హమాలీలకి వదిలేసి మన టైమంతా రసాయనాల బీరువా మీద, మైక్రోస్కోపు, టెలిస్కోపు అద్దాల మీద పెట్టాలి. ఇది అక్కడ పనిచేసేవాళ్లకీ, సెలవుల్లో సాయానికి వచ్చే వాలంటీర్లకీ రాస్తున్నది.

ఏ రోజు మారాలో ముందు చూసుకోండి

ఫిబ్రవరిలో వద్దు, 28న జాతీయ సైన్స్ దినోత్సవం ఉంటుంది, స్కూళ్లన్నీ మన మీదే పడతాయి. పరీక్షలయ్యాక ఏప్రిల్ నెలాఖరు మంచిది, కాకపోతే స్పిరిట్, ఈథర్ లాంటి ఇట్టే అంటుకునేవి ఎండ ఎక్కకముందే, తెల్లవారుజామునే దాటించాలి. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి బండ్లు సులువుగా దొరుకుతాయి, మూఢనమ్మకాల మీద ప్రసంగాలిచ్చే మనకి అదీ ఒక లాభమే. కానీ అప్పటికి వానలు మొదలవుతాయి, టార్పాలిన్ లేని బండి మాట్లాడకండి.

అడ్వాన్సు ఇచ్చేముందు కొత్త బిల్డింగులో ఎర్తింగ్ ఉందా, ల్యాబ్ గదిలో కుళాయి, తూము ఉన్నాయా, టెలిస్కోపు పెట్టడానికి డాబా మీదకి రాత్రిపూట వెళ్లనిస్తారా అని ఓనరుని అడగండి. మూడోది ముందే తేల్చుకోకపోతే తర్వాత పేచీ.

రసాయనాల బీరువా

అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది ఇదే, ఎందుకంటే సగం సీసాలు కొత్త చోటికి వెళ్లక్కర్లేదు. లేబుల్ ఊడిపోయినవీ, అడుగున గడ్డకట్టినవీ, ఎప్పుడు కొన్నారో స్టాక్ రిజిస్టర్లో కూడా లేనివీ ఒక పక్కకి పెట్టండి. మూత చుట్టూ స్ఫటికాలు కట్టిన పాత ఈథర్ సీసా గానీ, ఎండిపోయిన పిక్రిక్ ఆమ్లం గానీ కనిపిస్తే మూత తిప్పకండి, కదపకండి, అవి పేలే సరుకు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌ని పిలిచి చూపించండి. మిగతా పనికిరానివి సింకులో పోయొద్దు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ఏజెన్సీకి ఇవ్వాలి.

ఉంచుకునేవాటిలో ఆమ్లాలు ఒక టబ్బు, క్షారాలు ఇంకో టబ్బు. బ్లీచింగ్ పౌడరు ఆమ్లాల దగ్గరికి రాకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. గాజు సామానుకి వరిగడ్డి, పాత పేపర్లు బ్రహ్మాండంగా పనికొస్తాయి గానీ గాఢ నైట్రిక్ ఆమ్లం సీసా చుట్టూ మాత్రం అవి పెట్టకండి, ఒలికితే గడ్డి అంటుకోవచ్చు, ప్లాస్టిక్ బకెట్లో పొడి ఇసుక పోసి అందులో నిలబెట్టండి. సోడియం ముక్కలు కిరోసిన్‌లో పూర్తిగా మునిగి ఉన్నాయో లేదో బయల్దేరే రోజు పొద్దున మళ్లీ చూడండి. ఈ టబ్బులున్న బండిలో వెనకాల మనుషులెవరూ కూర్చోకూడదు.

పాదరసం గురించి విడిగా చెప్పాలి. అరలీటరు సీసా చూడ్డానికి చిన్నదే, బరువు మాత్రం దాదాపు 7 కిలోలు. అట్టపెట్టెలో పెట్టి పైకెత్తితే అడుగు ఊడి సీసా నేల మీద పడుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కింద చెయ్యి వేసి పట్టుకోవాలి. ఒలికితే చీపురుతో ఊడవొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలు వద్దు. కిటికీలు తెరిచి, చేతికి గ్లౌజులు వేసుకుని, గట్టి అట్టముక్కతో బొట్లన్నీ ఒకచోటికి చేర్చి సీసాలోకి ఎత్తాలి.

అద్దాలు, అస్థిపంజరం

మైక్రోస్కోపుని ఒక చేత్తో మెడ, ఇంకో చేత్తో అడుగు పట్టుకునే ఎత్తాలి. తక్కువ పవర్ లెన్సు కిందికి తిప్పి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం పడేయండి, లేకపోతే మన చెమట వాతావరణానికి లెన్సులకి బూజు పడుతుంది. న్యూటన్ టెలిస్కోపులో పెద్ద అద్దాన్ని బయటికి తీయొద్దు, దుమ్ముందని గుడ్డతో తుడవనే తుడవొద్దు, అల్యూమినియం పూత గీసుకుపోతుంది. గొట్టాన్ని పాత పరుపు మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి. అక్కడికి చేరాక అద్దాలు ఒక వరసలో ఉన్నాయో లేదో చూడ్డానికి ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యలోకి తెచ్చి కాస్త ఫోకస్ తప్పించండి. నక్షత్రం వలయాలుగా విచ్చుకుంటుంది, అవన్నీ ఒకే కేంద్రం చుట్టూ కనిపించాలి, ఒక పక్కకి జరిగితే అద్దాల వెనక స్క్రూలు సరిచేయాలి.

జీవుల నమూనాలు నిల్వచేసిన ఫార్మలిన్ జాడీలు నిలువుగానే వెళ్లాలి. అస్థిపంజరానికి దుప్పటి చుట్టండి, లేకపోతే ట్రాలీ ఆటో ఆగిన ప్రతి సిగ్నల్ దగ్గరా జనం ఫోన్లు తీస్తారు.

విడదీసే ప్రతి మోడల్‌కీ వైర్లు ఎక్కడెక్కడ పెట్టారో కనబడేలా ముందే ఫొటో తీసి, స్క్రూలు కవర్లో వేసి ఆ మోడల్‌కే కట్టేయండి. పెట్టెల మీద పాత గది పేరు కాదు, కొత్త బిల్డింగులో చేరాల్సిన గది నంబరు రాయాలి.

కాగితాలు, కబురు

సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే రిజిస్ట్రార్‌కి, బ్యాంకుకి కొత్త చిరునామా తెలపాలి. స్కూళ్లకి ఉత్తరం పంపండి, కానీ ఆదివారం సైకిలేసుకుని తనంతట తనే వచ్చే పిల్లవాడు ఆ ఉత్తరం చూడడు. పాత గేటుకి దారి పటం అతికించండి, మొదటి రెండు మూడు ఆదివారాలు అక్కడొక వాలంటీర్‌ని ఉంచండి.

పెట్టెలు విప్పకముందే మొదలుపెట్టండి

అన్నీ సర్దాకే తెరుద్దాం అనుకుంటే నెలలు గడిచిపోతాయి. 1968 డిసెంబరులో అహ్మదాబాద్‌లో విక్రం సారాభాయ్ తలపెట్టిన కమ్యూనిటీ సైన్స్ సెంటర్‌కి పునాది వేసిన సందర్భంలో సి.వి. రామన్ ఆకాశం నీలంగా ఎందుకుంటుందో వివరిస్తూ ప్రసంగించారు. ఆ ప్రశ్న మొదలుపెట్టడానికి ఏ పెట్టే విప్పక్కర్లేదు, పిల్లల్ని ఆరుబయటికి తీసుకొస్తే చాలు.

నీడ గడియారం ఉంటే ఇంకా నయం, ఎలాగూ తిరిగి బిగించాలి కాబట్టి అదే మొదటి కార్యక్రమం. అదే ఊళ్లో మారుతుంటే నీడ పడేసే కమ్మీ వాలు మార్చక్కర్లేదు, హైదరాబాద్ అయితే సుమారు 17.4 డిగ్రీలు. దిక్కు మాత్రం కొత్తగా తేల్చాలి, దిక్సూచి ఇనుప గేటు పక్కన తప్పు చూపిస్తుంది. తూకపు దారం వేలాడదీసి, సూర్యుడు ఆ రోజుకి అన్నిటికంటే ఎత్తుకి చేరే క్షణంలో దాని నీడ వెంట గీత గీస్తే అదే ఉత్తర దక్షిణాలు. ఆ క్షణం గడియారంలో పన్నెండుకి రాదు. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సగటున 12:16. దాని మీద ఏడాది పొడవునా ఇంకో హెచ్చుతగ్గు ఉంటుంది, నవంబరు మొదట్లో సరిగ్గా పన్నెండుకే వస్తే ఫిబ్రవరి మధ్యలో 12:30కి వస్తుంది. ఎందుకని పిల్లలు అడుగుతారు, సిద్ధంగా ఉండండి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోకండి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదే ఉంటాడు, గీయడానికి నీడే దొరకదు.