లెగో నగరం: ముందు బల్ల కొలవండి, ఇళ్లు తర్వాత

పెద్దవాళ్లు లెగో నగరం మొదలుపెట్టే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. నచ్చిన భవనం ఒకటి కొంటారు. పక్కన ఇంకోటి సొంతంగా కడతారు. నాలుగోది వచ్చేసరికి రోడ్లు కలవవు, ఫుట్‌పాత్ ఎత్తులు కుదరవు, రైలుకు చోటుండదు. ఇక అన్నీ ఊడదీయాల్సిందే. ఇళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నగరం నిలిచే అడుగుభాగం ఎత్తు, గళ్ల లెక్క, రైలు దారి మాత్రం మొదట్లోనే తేలాలి. అందుకే ఇక్కడ సగం మాటలు అడుగు గురించే.

కొలతలు, బల్ల

స్టడ్ అంటే ఇటుక మీది బొడిపె. ఒక స్టడ్ నుంచి పక్క స్టడ్‌కు 8 మి.మీ. ఇటుక ఎత్తు 9.6 మి.మీ., ప్లేట్ ఎత్తు 3.2 మి.మీ., అంటే మూడు ప్లేట్లు కలిస్తే ఒక ఇటుక. ఐదు ప్లేట్ల మందం 16 మి.మీ., సరిగ్గా రెండు స్టడ్ల వెడల్పు. ఇటుకల్ని పక్కకు తిప్పి బిగించే పనితనమంతా ఈ లెక్క మీదే నడుస్తుంది కాబట్టి ఎక్కంలా నోటికి రావాలి.

బేస్‌ప్లేట్ అంటే ఇళ్లకు అడుగున పరిచే పలచటి రేకు. 32×32 స్టడ్ల బేస్‌ప్లేట్ 25.6 సెం.మీ. చదరం. మన దగ్గర ప్లైవుడ్ షీటు ఎనిమిది బై నాలుగు అడుగులు, అంటే 244×122 సెం.మీ. దాని మీద పొడవున 9, వెడల్పున 4, మొత్తం 36 బేస్‌ప్లేట్లు పడతాయి. కానీ బల్లను గోడకు ఆనించేటట్లయితే నాలుగో వరస వద్దు. ముందున్న ఇళ్లకు మోచెయ్యి తగలకుండా అందేది 75-80 సెం.మీ. లోపే. షీటును 80 సెం.మీ.కు కోయించి మూడు వరసలు, 27 బేస్‌ప్లేట్లు వేసుకోండి. 18 మి.మీ. ప్లై తీసుకుని, అడుగున ప్రతి 60 సెం.మీ.కు ఒక చెక్క రీపరు కొట్టించండి. 12 మి.మీ. ప్లై అయితే ఏడాదిలో మధ్యలో కుంగుతుంది, బేస్‌ప్లేట్ల మధ్య సందులు తేలతాయి.

స్కేలు విషయంలో మొండిపట్టు వద్దు. మినీఫిగ్, అంటే లెగో మనిషి బొమ్మ, ఎత్తు సుమారు 4 సెం.మీ. మనిషిని 170 సెం.మీ. అనుకుంటే ఇది దాదాపు 1:42. ఒక మీటరుకు మూడు స్టడ్లు. ఈ లెక్కన చార్మినార్ కట్టాలంటే, ఒక్కో వైపు 20 మీటర్లు కనుక 60 స్టడ్లు, అంటే రెండు బేస్‌ప్లేట్లకు కాస్త తక్కువ. అంతవరకు బాగానే ఉంది. కానీ మినార్ల ఎత్తు 50 మీటర్లకు అటూ ఇటూ కాబట్టి బల్ల మీద అది 120 సెం.మీ. దాకా లేస్తుంది, పక్కనున్న మూడంతస్తుల మేడలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. పేరున్న కట్టడాల్ని సగానికి కుదించి కట్టడమే మంచిది. తలుపులు, కిటికీలు మాత్రం మినీఫిగ్ కొలతలోనే ఉంచితే కంటికి తేడా తెలియదు.

అడుగు: మిల్స్ పద్ధతి

బేస్‌ప్లేట్ పలచన. అడుగున పట్టు ఉండదు కాబట్టి పక్క బేస్‌ప్లేట్‌తో ముడిపడదు. కట్టిన ఇంటితో సహా పైకెత్తితే వంగుతుంది, గోడలు విచ్చుకుంటాయి. దీనికి అభిరుచిదారుల్లో బాగా నిలదొక్కుకున్న మందు మిల్స్, అంటే మాడ్యులర్ ఇంటిగ్రేటెడ్ ల్యాండ్‌స్కేపింగ్ సిస్టమ్. బేస్‌ప్లేట్ మీద ఒక వరస ఇటుకలు, వాటి మీద ఒక వరస ప్లేట్లు. ఇలా తయారైన పలకంతా గట్టిపడుతుంది, అంచుల్లోని టెక్నిక్ ఇటుకల రంధ్రాల్లో పిన్నులు పెట్టి పక్క పలకతో కలపొచ్చు.

ఒక పలకకు సరుకు ఇదీ:

- 32×32 బేస్‌ప్లేట్ 1
- రంధ్రాలున్న 1×4 టెక్నిక్ ఇటుకలు 8
- మామూలు 1×4 ఇటుకలు 20, 1×3 ఇటుకలు 4
- లోపలి ఊతానికి 2×4 ఇటుకలు 45 నుంచి 50
- పైన కప్పడానికి 16×16 ప్లేట్లు 4

అంచు చుట్టూ 124 స్టడ్లుంటాయి. ఒక్కో వైపు 31 చొప్పున గాలిమరలా తిప్పుతూ కట్టాలి. మూల నుంచి మొదలుపెట్టి ఏడు 1×4లు, చివర ఒక 1×3. రెండో వైపు ఆ పక్క మూల నుంచి మళ్లీ అదే వరస. ప్రతి వైపూ మూడో ఇటుక, ఆరో ఇటుక టెక్నిక్‌వి కావాలి. అప్పుడవి రెండు మూలల నుంచీ సరిగ్గా 9-12 స్టడ్ల మధ్య పడతాయి, పలకను ఎటు తిప్పినా పక్కదానితో రంధ్రాలు కలుస్తాయి. ఇక్కడ ఒక్క స్టడ్ తప్పినా ఆ పలక ఒంటరిదే.

లోపల 2×4లను ఎక్కడంటే అక్కడ చల్లేయకండి. పైన నాలుగు ప్లేట్లు కలిసే అతుకులు రెండుంటాయి. ఒక్కో అతుకు కింద ఏడెనిమిది ఇటుకలు అడ్డంగా, ఇటు రెండు స్టడ్లు అటు రెండు స్టడ్లు పట్టుకునేలా పెట్టండి. మిగతావి నాలుగు స్టడ్లకొకటి చొప్పున. అతుకు కింద ఊతం లేకపోతే పైన టైల్ (స్టడ్లు లేని నున్నటి ప్లేట్) నొక్కగానే ప్లేటు పక్కకు లేస్తుంది. ఇవన్నీ కనబడని ఇటుకలు కాబట్టి చిలకపచ్చ, గులాబీ, ఎవరికీ అక్కర్లేని రంగులన్నీ ఇక్కడ చెల్లిపోతాయి. లైట్ల వైర్లు కూడా ఈ ఇటుకల మధ్యనుంచే పోతాయి, పైన ఒక్క తీగ కూడా కనిపించదు.

పిన్నుల్లో నల్లవి బిగువు రకం, లేత బూడిద రంగువి వదులు రకం. వదులువే వాడండి. బిగువు పిన్నులతో నాలుగు పలకలు కలిపాక ఒకదాన్ని లాగాలంటే దాని మీది ఇల్లు కూడా కదిలిపోతుంది. ఒక్కో అంచుకు రెండు పిన్నులు చాలు.

పెట్టెలో వచ్చే మాడ్యులర్ భవనాలు (2007లో కెఫే కార్నర్‌తో మొదలైన వరస) ఉత్త బేస్‌ప్లేట్ మీదే నిలుస్తాయి కనుక మిల్స్ పలక కన్నా ఒక ఇటుక, ఒక ప్లేట్ కిందికి ఉంటాయి. ఆ తేడా 12.8 మి.మీ. భవనాన్ని ఊడదీయనక్కర్లేదు. 25.5 సెం.మీ. చదరంగా కోసిన 12 మి.మీ. ప్లై ముక్క, దాని మీద ఒక మందపాటి అట్ట పెట్టి భవనాన్ని పైన కూర్చోబెడితే సరిపోతుంది. ప్లై మందం దుకాణాన్ని బట్టి మారుతుంది కాబట్టి వెర్నియర్‌తో కొలిచాకే అట్ట ఎంచుకోండి.

రైలు, రోడ్డు

రైలు కావాలో వద్దో మొదటి రోజే తేల్చుకోవాలి. లెగో మామూలు వంపు పట్టాలు 16 కలిస్తే పూర్తి వలయం, పట్టాల నడుమ నుంచి లెక్కిస్తే వ్యాసార్ధం 40 స్టడ్లు. స్లీపర్ల వెడల్పు 8 స్టడ్లు కాబట్టి వలయం బయటి కొలత 88 స్టడ్లు. మూడు బేస్‌ప్లేట్ల వెడల్పు 96. అంటే మన 80 సెం.మీ. బల్ల మీద వలయం తిరిగాక రెండు పక్కలా నాలుగేసి స్టడ్లు మిగులుతాయి. అవి అలంకారానికి కాదు. పొడవాటి బోగీ వంపులో మూలలు బయటికి, నడుము లోపలికి తోస్తుంది. స్తంభాలు పెట్టే ముందు మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన బోగీని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. రెండు దారులు పక్కపక్కనే వేస్తే ఒకదాని నడుమ నుంచి రెండోదాని నడుమకు 16 స్టడ్లు ఉంచండి.

రోడ్డుకు 16 స్టడ్లు, రెండు పక్కలా ఎనిమిదేసి స్టడ్ల ఫుట్‌పాత్: ఇది ఆరు స్టడ్ల వెడల్పు కార్లకు సరిపోయే కొలత. ఎనిమిది స్టడ్ల కార్లు నడపాలంటే రోడ్డును 20కి పెంచి ఫుట్‌పాత్‌లు ఆరుకు తగ్గించండి. ఖర్చు పెరిగిపోయేది ఇక్కడే. ఒక పలక మీది రోడ్డుకే 512 స్టడ్ల టైల్ కావాలి. 2×4 టైల్స్‌తో 64 ముక్కలు, 8×16 టైల్స్‌తో నాలుగే. అడుగు మొత్తం అయిపోయాక కాదు, ముందే ధర లెక్కేసుకోవాల్సింది ఇదే. ఫుట్‌పాత్‌ను రోడ్డు కన్నా ఒక ప్లేట్ ఎత్తులో ఉంచండి. 3.2 మి.మీ. మన స్కేలులో 13 సెం.మీ. అవుతుంది, అసలు వీధిలో గట్టు కూడా ఇంచుమించు అంతే. అంతా టైల్‌తో మూసేయకుండా అక్కడక్కడ జంపర్ ప్లేట్లు (నడిమధ్య ఒకే స్టడ్ ఉండేవి) వదలకపోతే మనుషులు, కరెంటు స్తంభాలు నిలబడరు. 2021లో లెగో తెచ్చిన 16×16 రోడ్ ప్లేట్లు రెండు ప్లేట్ల మందం. మిల్స్‌తో కలిపితే వీటి కిందా ప్లై ఎత్తు పెట్టాల్సిందే.

మూల మీద ఇరానీ హోటల్

మూల భవనంలో అందరూ తడబడేది 45 డిగ్రీల గోడ దగ్గర. రెండు గోడలనూ మూల నుంచి ఐదేసి స్టడ్లు వెనక్కి తీసుకుంటే, అడ్డగోడ పొడవు 7.07 స్టడ్లు వస్తుంది. ఏడు స్టడ్ల గోడ పెడితే తేడా అర మిల్లీమీటరు, కీలు ప్లేట్ల ఆటలో అది కలిసిపోతుంది. ఆరు తీసుకుంటే 8.49 వస్తుంది, దేనికీ అతకదు. ఐదు గానీ పన్నెండు గానీ (16.97, అంటే పదిహేడు) తీసుకోండి.

ఏడు బేసి సంఖ్య, మామూలు తలుపు చట్రం నాలుగు స్టడ్లు. నడిమధ్య పెట్టాలంటే అర స్టడ్ జరపాలి. ఇరానీ హోటల్‌కు ఆ తలనొప్పి లేదు. పొద్దస్తమానం షట్టరు పైకి లేచే ఉంటుంది కదా! పక్కలకు ఒక్కో స్టడ్ స్తంభం, నడుమ ఐదు స్టడ్ల ఖాళీ, ఆరు ఇటుకల ఎత్తులో పైన ఒక దూలం, దాని మీద చుట్టిన షట్టరు పెట్టె. గోడ కింద, పైన ఒక్కో చివరా 1×4 కీలు ప్లేట్ పెట్టి పక్క గోడలకు పట్టించండి. మరవకూడనిది ఒకటే: అడ్డగోడ కింద నేలంతా టైల్ ఉండాలి. ఏటవాలుగా వచ్చే ఇటుక అడుగు స్టడ్ల మీద కూర్చోదు, ఒక అంచు లేచి గోడంతా వంకర తిరుగుతుంది.

లోపల బల్లలకు 1×1 గుండ్రటి ఇటుక, దాని మీద తెల్లటి 2×2 గుండ్రటి టైల్. అడుగున నడిమధ్య స్టడ్ పట్టే రకం టైలే తీసుకోవాలి, మామూలుది నిలవదు. సాసరుకు తెల్లటి 1×1 గుండ్రటి టైల్ సరిపోతుంది. గల్లా పక్కన ఉస్మానియా బిస్కెట్ల అద్దాల పెట్టెకు పారదర్శక 1×2 ఇటుకలు రెండు చాలు.

కింది అంతస్తు పది ఇటుకల ఎత్తు. గోడ పైన స్టడ్లన్నీ అలాగే వదిలేస్తే పై అంతస్తు లేపినప్పుడు కింది గోడలు కూడా వెంట వస్తాయి. గోడ పై వరసంతా టైల్ వేసి, నాలుగు మూలల్లో రెండేసి, పొడవాటి గోడల నడుమ రెండేసి స్టడ్లు మాత్రం తెరిచి ఉంచండి.

తెలుగు బోర్డు రాయించేటప్పుడు ఒక స్టడ్ ఎత్తు సరిపోదు. ఇంగ్లిషు అక్షరాలు 7 మి.మీ.లో ఇముడుతాయి గానీ మన గుడులు, వత్తులు అందులో ముద్దయిపోతాయి. రెండు స్టడ్ల ఎత్తు టైల్ తీసుకోండి. 2×4 టైల్ 31.8×15.8 మి.మీ. ఉంటుంది కనుక స్టిక్కర్‌ను 31×15కు కోస్తే అంచు లేవదు. టైల్స్ అతుకు మీదుగా ఒకే స్టిక్కర్ అంటించకండి.

సరుకు

ముందు స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి, భాగాల జాబితాను బ్రిక్‌లింక్‌కు (లెగో ముక్కలు విడిగా అమ్మే ఆన్‌లైన్ అంగడి) పంపండి. గీసేటప్పుడు ఆ ముక్క ఆ రంగులో నిజంగా దొరుకుతుందో లేదో చూసుకోవాలి. తెర మీద ఏ రంగైనా వేయనిస్తుంది, కొనబోతే ఉండదు. గోడలకు పది శాతం ఎక్కువ తెప్పించండి. నాలుగు ముక్కల కోసం మళ్లీ రవాణా ఖర్చు పెట్టడం కన్నా అదే చవక.

బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. విదేశీ అమ్మకందారు చూపించే ధర చూసి సంబరపడకండి, రవాణా, సుంకం కలిపాకే లెక్క. ఇక్కడ తగ్గింపులో దొరికే పెట్టెలు కొని ముక్కలుగా విడదీయడం చాలాసార్లు చవక పడుతుంది. అమెరికా నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసు సంగతి వేరే చెప్పాలా.

ఇతర కంపెనీల ఇటుకలు కలపొచ్చు, అయితే మిల్స్ లోపలి ఊతాలకే. అంచుల్లో, గోడల్లో వద్దు. ఒక్కో ఇటుక పదోవంతు మిల్లీమీటరు ఎత్తు తేడాగా ఉన్నా పది వరసలకు మిల్లీమీటరు అవుతుంది, పై అంతస్తు ఒక మూల కూర్చోదు. పాత ముదురు ఎరుపు, గోధుమ రంగు లెగో ముక్కలు పెళుసు, లాగేటప్పుడు పుటుక్కున విరుగుతాయి. కీళ్ల దగ్గర వాటిని వాడకండి.

ఎండ, దుమ్ము, ఇల్లు మారడం

కిటికీ ఎండ పడే చోట తెలుపు, లేత బూడిద ముక్కలు పసుపెక్కుతాయి. మందపాటి తెర వేయండి, లేదా బల్లే జరపండి. దుమ్ముకు మెత్తటి పెయింటు బ్రష్ వాడండి. ఫ్యాన్ ఆపి దులపకపోతే చెట్ల మీది దుమ్ము ఇళ్ల మీదికి చేరుతుంది. జిడ్డు పట్టిన ముక్కల్ని 40 డిగ్రీలు దాటని నీళ్లలో సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టండి. స్టిక్కర్లున్నవి నీళ్లలో వేయకండి.

అద్దె ఇల్లు మారేటప్పుడు ముందు పై అంతస్తులు తీసి విడిగా పెట్టెల్లో సర్దండి. తర్వాత పిన్నులు లాగి పలకల్ని ఒక్కొక్కటిగా ఎత్తండి. ఎత్తే ముందు ప్రతి పలక అంచున చిన్న టేపు ముక్క మీద వరస, నంబరు రాసి, ఉత్తరం దిక్కుకు బాణం గుర్తు వేయండి. బాణం లేకపోతే కొత్త ఇంట్లో రోడ్డు పలకల్ని తిప్పి తిప్పి చూడటానికే ఒక ఆదివారం పోతుంది.