ఆడ ఊసరవెల్లి గుడ్ల కాలం: ఇసుక తొట్టె నుంచి డాక్టర్ దాకా

పెంపుడు ఊసరవెల్లుల్లో ఎక్కువగా కనిపించేది వెయిల్డ్ కెమీలియన్. దాని సొంత నేల యెమెన్, దానికి ఆనుకుని ఉన్న సౌదీ అరేబియా నైరుతి ప్రాంతం. దీని ఆడది మగదాని నీడ పడకపోయినా గుడ్లు పెడుతుంది, పుంజు లేని ఇంట్లో పెట్ట పెట్టినట్టే. ఒంటరిగా పెరుగుతోంది కదా అని ఏ ఏర్పాటూ చేయకపోతే గుడ్లు కడుపులోనే ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది.

మన తోటల్లో తిరిగే ఊసరవెల్లి వేరే జాతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది, పట్టి పెంచడం నేరం. విదేశీ జాతిని భారత్‌లో పెంచాలన్నా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అమెరికాలోనో ఇంకెక్కడో ఉంటే అక్కడి చట్టం చూసుకోండి.

మీ దగ్గరున్నది ఆడదో మగదో తెలియకపోతే వెనక కాలి మడమ చూడండి. మగదానికి అక్కడ పిల్లగా ఉన్నప్పటి నుంచే చిన్న బుడిపె ఉంటుంది, ఆడదానికి ఉండదు. ఆడది ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది, కాబట్టి నాలుగైదు నెలల వయసు దాటేసరికి ఇసుక తొట్టె గూడులో ఉండాలి. కడుపు కనిపించాక పెడదాంలే అనుకోవద్దు.

తొట్టె పొడవు, వెడల్పు కనీసం అడుగేసి ఉండాలి, ఇసుక లోతు కూడా అడుగు. పక్కల నుంచి లోపలికి కనిపించని ప్లాస్టిక్ డబ్బా మేలు. రాళ్లు లేకుండా కడిగిన సన్న ఇసుక పోయండి. ఎరువు కలపని మట్టి కొంత కలిపినా ఫరవాలేదు. ఇక తడి. అసలు పని దీని మీదే ఆధారపడి ఉంది. గుప్పెడు ఇసుక పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. చేత్తో అడుగు దాకా సొరంగం తవ్వి చూడండి. కూలకుండా నిలిస్తే సరే, కూలితే ఇంకొంచెం తడపండి. పొడి ఇసుకలో అది ఎంత తవ్వినా గోడలు మీద పడుతుంటాయి. విసిగి వదిలేస్తుంది, గుడ్లు లోపలే ఉండిపోతాయి. పైనుంచి తొట్టెలోకి దిగడానికి ఒక కొమ్మ ఆనించండి.

మేత విషయంలో జాలి పనికిరాదు. ఎంత ఎక్కువ తింటే, ఎంత వేడిగా ఉంటే అన్ని ఎక్కువ గుడ్లు తయారవుతాయి. రోజూ కడుపునిండా పెడితే ఒక్క విడతలో 60 దాటిపోవచ్చు, ఆ భారానికి ఒళ్లు గుల్లవుతుంది. ఎదిగిన ఆడదానికి రోజు విడిచి రోజు మూడు నాలుగు పురుగులు చాలు. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర, దాని వీపు ఎత్తులో కొలిస్తే 27–29 డిగ్రీల సెల్సియస్ మించనివ్వొద్దు. రాత్రి దీపాలన్నీ ఆపేసి చల్లబడనివ్వండి.

గుడ్డు పెంకుకే కాదు, గుడ్డును బయటికి నెట్టే కండరాలకూ కాల్షియం కావాలి. అందుకే విటమిన్ డి3 లేని కాల్షియం పొడి ప్రతి మేతలో పురుగుల మీద పలచగా చల్లండి, డి3 ఉన్న మల్టీవిటమిన్ నెలకు రెండుసార్లు. పొడవాటి టీ5 యూవీబీ ట్యూబు (అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం) లేకపోతే ఆ కాల్షియం ఒంటికి పట్టదు. ట్యూబు వెలుగుతున్నా ఏడాదికోసారి మార్చండి. పురుగులకు ముందురోజు మునగాకు, గుమ్మడి, క్యారెట్ పెట్టండి. పాలకూర, తోటకూర వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి.

గుడ్లు పెట్టే ముందు మేత తగ్గిస్తుంది, గూడంతా అదేపనిగా తిరుగుతుంది, కిందికి దిగి నేల గీకుతుంది. పక్కల్లో గుడ్లు గోలీల్లా ఉబ్బెత్తుగా తెలుస్తాయి. తవ్వడం మొదలుపెట్టగానే గూటి చుట్టూ బట్ట కప్పండి, పైనుంచి వెలుతురు మాత్రం రావాలి. చూస్తున్నారని దానికి తెలిస్తే తవ్విన గుంత వదిలేస్తుంది. చూడక తప్పదనుకుంటే బట్ట సందులోంచి ఒక్క క్షణం, అంతే. రాత్రి సొరంగంలోనే పడుకున్నా బయటికి లాగవద్దు. దీపాలు రోజూ వెలిగే వేళకే వెలగనివ్వండి.

పని ఒకటి రెండు రోజులు పడుతుంది. గుడ్లు పెట్టాక గుంత తనే పూడ్చి, తొక్కి, కొమ్మ ఎక్కుతుంది. పూడ్చడం అయ్యేదాకా ఆగండి. అప్పటికి కడుపు లోపలికి పోయి, ఒళ్లంతా మట్టితో ఉంటుంది. ముందు నీళ్లు: గోరువెచ్చని నీటిని సన్నటి తుంపరగా ఆకుల మీద చాలాసేపు కొట్టండి, తాగినంత తాగనివ్వండి. రెండు మూడు రోజులు కాల్షియం చల్లిన మేత కాస్త ఎక్కువగా పెట్టి, తర్వాత పాత లెక్కకే రండి.

మగదానితో కలవకపోతే ఆ గుడ్లలోంచి పిల్లలు రావు, తవ్వి తీసి పారేయొచ్చు. కలిసి ఉంటే పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తిరగేయకుండా తీయండి. అంతే బరువు నీళ్లు కలిపిన వెర్మిక్యులైట్‌లో (తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు) సగం మునిగేలా, వేలెడు ఎడంతో పెట్టి, 26–28 డిగ్రీల్లో ఉంచండి. పిల్లలు రావడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. ఆడది వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలదు, కాబట్టి మళ్లీ కలవకపోయినా తర్వాతి విడత గుడ్లలోంచి కూడా పిల్లలు రావచ్చు.

రెండు రోజులు దాటి తవ్వుతూనే ఉన్నా, పగలు కళ్లు మూసుకుని కూర్చున్నా, గూటి అడుగున పడి పైకి ఎక్కలేకపోతున్నా, కొమ్మ మీద నుంచే ఒకటో రెండో గుడ్లు జారవిడుస్తున్నా అదేరోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కడుపు నొక్కి గుడ్లు బయటికి తీయాలని చూడవద్దు, లోపల పగులుతాయి. డాక్టర్ ఎక్స్‌రే తీసి, అవసరాన్ని బట్టి కాల్షియం, గుడ్లను బయటికి నెట్టించే హార్మోన్ ఆక్సిటోసిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, కుదరకపోతే ఆపరేషన్ చేస్తారు. ప్రతి విడతా ఇలాగే అవుతుంటే అండాశయాలు తీయించడం గురించి అడగండి. కుక్కలకు, పశువులకు చూసే డాక్టర్లందరికీ సరీసృపాల వైద్యం తెలియదు, కాబట్టి తెలిసినవారి ఫోన్ నంబరు తొట్టెలో ఇసుక పోసిన రోజే సంపాదించి పెట్టుకోండి.